చక్రం కింది రాయి

చదివేవాళ్లు మన్నించాలి. నా రాత కోడి గెలికినట్టు ఉంటుంది, ఒత్తులు ఎక్కడివక్కడ పడవు. ఊరి బడిలో వచ్చిన నాలుగు ముక్కలతోనే ఈ కబురు రాస్తున్నాను. చేవెళ్ల నుంచి మొయినాబాద్ మీదుగా పట్నానికి బస్సు తోలిన మా డ్రైవరు బావ పోయిన నెల చనిపోయాడు. జ్వరం అన్నారు. దవాఖానకు చేరకముందే దారిలో ప్రాణం పోయింది. ఎంతమందినో దవాఖానకు చేర్చినవాడు, తను మాత్రం చేరలేదు.

ఆయన మాకు చుట్టం కాదు, గోడ పక్క ఇల్లు. వాళ్లు ఏసు ప్రభువును కొలిచేవాళ్లు, మేం దసరా చేసుకునేవాళ్లం. నా ఇంటిదాన్ని చెల్లె అని పిలిచేవాడు. అట్లా నాకు బావ అయ్యాడు.

ఆయన బస్సును చదును నేల మీద ఆపగా నేను చూడలేదు. బాటరీ పాతది. యుద్ధం రోజుల్లో కొత్తది ఎక్కడ దొరుకుతుంది? అందుకని ప్రతి ఊళ్లో ఒక పల్లం చూసి పెట్టుకున్నాడు. బండి ముక్కు పల్లానికి పెట్టి, చక్రం కింద రాయి ఆనించేవాడు. బయల్దేరేటప్పుడు రాయి తీస్తే బండి దొర్లేది, ఆ దొర్లుడుకే ఇంజను అందుకునేది. ఏ ఊరి రాయి ఆ ఊరిదే. కనకమామిడిది సొట్ట రాయి, మా ఊరిది బల్లపరుపు. ఒకసారి మా రాయి కనబడలేదు.

"బావా, ఎవలో బట్టలుతుక తీస్కపోయిండ్రు."

"ఉతుకనియ్యి. బట్టలు తెల్లగయినంక తెచ్చియ్యమను."

ఆ రోజుల్లోనే నా ఇంటిదానికి ఛాతీ జబ్బు పట్టుకుంది. వారం వారం పట్నం దవాఖానలో సూది వేయించాలి. ఎడ్లబండి కుదుపు ఆమె ఓర్చుకోలేదు. ఈ బస్సు లేకపోతే సూది లేదు.

దసరా దాటాక ఒక పొద్దున మేం పోతుంటే, మొయినాబాద్ దాపున ఎత్తు ఎక్కలేక బండి దగ్గి దగ్గి ఆగిపోయింది. బస్సు సేటుది అక్కడే దుకాణం. కబురు అంది వచ్చాడు.

"గేర్లు పోయినయ్. ఎన్నిసార్లు బాగుచేపిస్త? పాత ఇనుము కింద అమ్మేస్త."

"జర ఆగు సేట్. నొప్పి ఏడున్నదో అడగకుంటనే కోస్తమా?"

"బండిని అడుగుతవా? అడుగు. ఏమన్నదో నాక్కూడ చెప్పు."

అందరూ నవ్వారు. నా ఇంటిది నవ్వలేదు. ఛాతీ పట్టుకుని మెట్టు మీద కూర్చుంది.

బావ అడుగు పలక లేపి, కర్ర ఒక కొస గేరు పెట్టె మీద, ఇంకో కొస చెవికి ఆనించాడు. మేం మెల్లగా తోశాం. "పండ్లు కొరుకుతలేవు. గేర్లు మంచిగనే ఉన్నయ్" అన్నాడు. డైనమో బెల్టు బొటనవేలితో నొక్కి చూశాడు, బిగువుగానే ఉంది. హారను కొడితే పిల్లి మూలిగినట్టు వచ్చింది. "గిది నొప్పి కాదు, రగతం లేక సోలుతున్నది" అని సీటు ఎత్తి బాటరీ పెట్టె మూత తీశాడు.

తీగలు బిగించే బుడిపెల చుట్టూ తెల్లగా, పచ్చగా చిలుము పొంగి ఉంది. దాని మీద పసుపు, కుంకుమ. పక్కన ఎండిన కొబ్బరి ముక్క.

దసరా నాడు ఆడవాళ్లంతా బస్సు ముందు బొట్లు పెట్టారు. బాటరీయే బండికి గుండె అని బావ అనగా నా ఇంటిది విని ఉంది. తర్వాత తనే నాకు చెప్పింది, ఎవరూ చూడకుండా సీటు ఎత్తి, ఆ గుండెకే పసుపు పూసి కొబ్బరినీళ్లు పోసిందట. తన జబ్బు ఛాతీలో కదా, బండి ఛాతీకి మొక్కుకుంది. ఆ నీళ్లకే చిలుము పొంగింది. డైనమో ఇచ్చే బలం ఆ చిలుము దాటి బాటరీలోకి పోలేదు.

బావ ఆమె వైపు ఒక్కసారి చూశాడు. సేటు దగ్గరికి వచ్చేలోపు రుమాలుతో పసుపు తుడిచేశాడు.

"ఏం దొరికింది?"

"మురికి సేట్. నేనే సూస్కోలె."

"నిన్ను పెట్టుకున్న సూడు, నాకు బుద్ధి లేదు" అని సేటు అందరి ముందూ తిట్టాడు. బావ తల వంచుకుని హోటలు నుంచి వంటసోడా, వేడినీళ్లు తెచ్చి బుడిపెలు కడిగాడు. కత్తితో గీకి, తీగలు బిగించి, గ్రీజు పూశాడు. బండిని పల్లానికి తిప్పి తోశాం. అందుకుంది. ఆ రోజు సూది తప్పలేదు. ఆ తర్వాత సేటు అమ్ముడు మాట ఎత్తలేదు.

పట్నంలో దిగేటప్పుడు బావ మెల్లగా అన్నాడు: "చెల్లె, దీని గుండెకు కొబ్బరినీళ్లు అరుగవు. మల్ల దసరాకు బొట్టు ముంగట పెట్టు, నీళ్లు నాకియ్యి."

ఆమె నవ్వింది, ఏడ్చింది, దగ్గింది. తర్వాత ప్రతి దసరాకు మొదటి కొబ్బరినీళ్లు ఆయనకే పంపింది.

ఆమె బతికింది. ఆయన పోయాడు. ఇప్పుడు వేరే డ్రైవరు, మంచి బాటరీ. బస్సు ఎక్కడ పడితే అక్కడ ఆగుతుంది. రాయితో పనిలేదు. రోడ్డు పనివాళ్లు దొరికిన రాయినల్లా కంకర కొడుతున్నారు. నా ఇంటిది రోజూ పోయి మా పల్లం కాడ ఆ రాయి పక్కన కూర్చుంటున్నది. నిన్న ఇంటికి రమ్మన్నాను.

"నేను లేస్తే కొట్టుకపోతరు."

"రాయే గదనే."

"రాయి తీస్తే పోతడు గద" అన్నది.

నేనూ కూర్చున్నాను.

ఆ బస్సు ఎక్కినవాళ్లు ఇది చదివితే, మీ ఊళ్లో ఆయన రాయి ఉన్నదో, కంకరలో కలిసిందో, ఆలస్యం చేయకుండా రెండు ముక్కలు రాయండి. ఆమె అడుగుతున్నది. మా రాయి ఇంకా ఉన్నది. ఒక పక్క చక్రం ఒరుసుకుని నున్నబడింది, ఇంకో పక్క ఆయన గ్రీజు చేతి నలుపు అట్లనే ఉన్నది.