ఇథనాల్ బావ

టాక్సీ స్టాండులో అతణ్ణి అందరూ ఇథనాల్ బావ అంటారు. ఆ పేరు పెట్టింది భార్య తమ్ముడే. వాడూ అక్కడే బండి నడుపుతాడు. పెట్రోలుతోనూ ఇథనాల్‌తోనూ నడిచే కార్లు వచ్చిన కొత్తలో, బంకు ముందున్న ధరల బోర్డు చూపించి స్టాండు మొత్తాన్ని ఇథనాల్ వైపు తిప్పింది ఈ మహానుభావుడే. ఇంట్లో కూడా గొప్పగా మాటిచ్చేశాడు: మిగిలే డబ్బుతో ఇక ఆదివారాలు బండి తీయడట, పాపకు సైకిలు నేర్పుతాడట.

ఆ ఆదివారం రానే లేదు. లీటరు చవకే, కాదనలేం. కానీ ఆ లీటరు పెట్రోలంత దూరం పోదే! చూస్తుండగానే ముల్లు కిందికి జారుతుంది. స్టాండులో ఒక కట్టుబాటుంది: వరుసలోంచి బండి కదిలిందా, దేనికైనా సరే, మళ్లీ చివరికి పోవాల్సిందే. సరిగ్గా తన వంతు వచ్చేసరికి ట్యాంకు అడుగంటుతుంది. బంకుకు పరుగెత్తుతాడు. దూరపు బేరం వెనకవాడు ఎగరేసుకుపోతాడు. ఒళ్లు మండిపోయేది. ఎవరి మీద చూపాలో తెలియక ఆ కోపం కారు తలుపు మీద చూపేవాడు.

"పోనీ, మళ్లీ పెట్రోలే కొట్టించండి" అంది భార్య.

"ఏ మొహం పెట్టుకుని? స్టాండంతా నా మాట విని మారింది!"

"మీ మొహం సంగతి సరే. పాప సైకిలు మాటెత్తడం మానేసింది, గమనించారా?"

ఆ మాట గుచ్చుకుంది. మర్నాడు, తెలిసినవాళ్ల కంట పడకుండా, ఊరికి ఆ చివరనున్న బంకుకు దొంగలా వెళ్లాడు. పెట్రోలు కోసం నాలుగు బండ్లు నిలబడి ఉన్నాయి. నాలుగూ తన స్టాండువే. అన్నిటికంటే ముందు బావమరిది!

"ఎన్నాళ్ల నుంచిరా ఇది?"

బావమరిది నేల చూపులు చూశాడు. "మొదట్నుంచీ అంతే బావా. నువ్వు చిన్నబుచ్చుకుంటావని ఎవరమూ చెప్పలేదు."

"అందరూ కలిసి నన్ను వెధవని చేశారన్నమాట!"

బంకంతా వినపడేలా అరిచాడు. అరుస్తుంటేనే ఇంకోటి తట్టింది. వీడు ఆదివారాలు స్టాండుకు రాక చాలా రోజులైంది. ఒళ్లొంగని సోమరిపోతని తను తిట్టని వారం లేదు.

"మరి ఆదివారాలు ఏం చేస్తున్నావురా?" గొంతు దిగిపోయింది.

"ఇంట్లోనే ఉంటున్నా బావా. అక్క పాపని తీసుకొస్తుంది. మావాడి సైకిలు మీద నేర్పించా" అన్నాడు బావమరిది, ఇంకా తలెత్తకుండానే. "వచ్చేసింది కూడా."