సంగటిని నమిలిన తీర్పరి

తినే పద్ధతే తెలియనివాడు ఒక తిండి మీద ఇచ్చిన తీర్పును మీరు నమ్ముతారా?

ప్రొద్దుటూరులో మస్తానమ్మ కొత్తగా పెట్టిన హోటల్లో, నా పక్కన కూర్చున్న ఆహార రచయిత రాగిసంగటిని బబుల్‌గమ్ములా నమిలి, "పళ్లకు అతుక్కుంటోంది, రుచి శూన్యం. ఇదే రాస్తాను" అని ప్రకటించాడు. మస్తానమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది.

ఎదుటి బల్ల దగ్గరి లారీ డ్రైవరు నవ్వాడు. "ఏందప్పా, సంగటిని నమలతాండావు? పులుసులో అద్ది మింగాల. నీకు పండ్లుండాయని మాకు తెల్సులే!"

"నమలకుండా మింగడం అనాగరికం" అన్నాడు, ఐస్‌క్రీమును మాత్రం నమలకుండానే మింగే ఆ మహానుభావుడు. అన్నట్టే రాశాడు కూడా.

దయచేసి ఆ రాతను చూసి మస్తానమ్మ హోటలు దాటిపోకండి. లోపలికి వెళ్లి, ముద్దను పులుసులో అద్ది మింగండి. తీర్పు మీరే చెప్పండి.