కీర్తనల పుస్తకం మీద ఎర్రకారు

పాత కాగితానికీ ఎండిపోయిన జిగురుకీ కలిసి ఒక వాసన ఉంటుంది. నిన్న బీరువా సర్దుతూ నాన్న కీర్తనల పుస్తకం తీయగానే అది గుప్పుమంది. సర్దడం మానేసి మంచం మీద కూలబడ్డాను. ఈమధ్య దేనికీ ఓపిక ఉండటం లేదు.

ఎనభైల్లో మేం అమెరికాలో, అరోరా అనే ఊళ్లో ఉండేవాళ్లం. నాన్నకి పెద్ద ఇంజన్ల పాత మజిల్ కార్లంటే పిచ్చి. చలికాలమంతా గ్యారేజీలో దుప్పటి కప్పుకుని పడుకుని, మంచు కరగ్గానే వీధి చివరి దాకా వినిపించేలా గుర్రుమంటూ లేచే ఆకుపచ్చ రెండు తలుపుల కారు ఒకటి ఆయనకి ఉండేది. ఆ కార్ల కోసమే వచ్చే పత్రిక నెలకోసారి పోస్టులో దిగేది. అందులో అక్కడక్కడా పాఠకుల కార్ల ఫోటోలు, కింద వాళ్ల పేర్లు వేసేవారు. మా తెలుగువాళ్లలో ఆ పత్రిక చదివేది నాన్నొక్కరే. తక్కిన అంకుల్స్ 'ఈ డొక్కు కారెందుకు మేష్టారూ' అని ఏడిపించేవారు. ఒక వేసవిలో నాన్న కారుని తళతళలాడేలా తుడిచి, అమ్మ చేత ఫోటో తీయించి పత్రికకి పంపారు. వేస్తున్నదీ లేనిదీ వాళ్లు ముందుగా చెప్పరట. ఇక ప్రతి నెలా పోస్టు డబ్బా దగ్గరే ఆయన ప్రాణం.

అట్ట లేని పుస్తకం చేతికివ్వడం అమ్మకి నచ్చదు. సరుకుల సంచుల గోధుమరంగు కాగితంతో మా బడి పుస్తకాలన్నిటికీ అట్టలు వేసేది. ఆ ఏడు క్రిస్మస్ ముందు శనివారం ఆ సంచులన్నీ అరిసెల నూనె పీల్చడానికి అయిపోయాయి. మర్నాడు చర్చిలో తెలుగు ఆరాధన, నాన్న కీర్తనల పుస్తకం అట్ట చిరిగిపోయి ఉంది. పదేళ్లదాన్ని, నేనేస్తానన్నాను. నాన్న ఇంట్లో లేరు. అప్పుడే వచ్చిన పత్రిక పిన్నులు చెంచా కాడతో ఎత్తి, నడిమి కాగితం లాగేశాను. ఒకవైపు నిండా ఎర్రకారు. దాన్ని పైకి పెట్టి మడిచి, మైదా జిగురుతో అంటించాను. వెనక ఏముందో చూడనే లేదు, తొందర.

సాయంత్రం నాన్న పుస్తకం అటూ ఇటూ తిప్పి మురిసిపోయారు. తర్వాత అడిగారు, "ఎక్కడిదే ఇది, అమ్మలూ?"

"పాత పత్రికలోది, నాన్నా," అన్నాను. తిడతారని భయం.

ఆయన కొత్త పత్రిక మొదట్నించీ చివరిదాకా రెండుసార్లు తిరగేశారు. తర్వాత నెలా అంతే, ఆ పై నెలా అంతే. ఎండలు ముదిరేసరికి, "మన కారు వాళ్ల కంటికి ఆనలేదులే," అన్నారు, నవ్వుతూనే. మరో ఏడాదికి దాన్ని అమ్మేశారు. పత్రిక మాన్పించారు.

నిన్న ఆ అట్ట మడత విడిపోయింది. ఎర్రకారు వెనక, అగ్గిపెట్టెంత ఫోటోలో ఆకుపచ్చ కారు, బానెట్ మీద చెయ్యేసి నాన్న, కింద ఆయన పూర్తి పేరు. గట్టిగా ఏడ్చాను.

ఇప్పుడు ఆ కారు ఎక్కడుందో తెలీదు, ఆ పత్రిక రావడం లేదు, నాన్న పోయి ఆరేళ్లయింది. చనిపోయే వారం ముందు దాకా ప్రతి ఆదివారం ఆ పుస్తకం పట్టుకునే పాడారు. ఎదురుచూసిన పేజీ ఆయన అరచేతికీ పాటకీ మధ్యనే ఉంది, నేను పెట్టిన చోటే.