లింగస్వామి మునగాకు లెక్క

మా ఎల్బీ నగర్ కాలనీలో లింగస్వామి చేత ఒక్క మాట నమ్మించాలంటే తల ప్రాణం తోకకొస్తుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఫలానా హోటల్ బిర్యానీ అదుర్స్ అని నలుగురు చెప్పినా, "నలుగురు ఒక్క దినమే పోయి తిన్నరా, వేరే వేరేగ తిన్నరా?" అని ఆరా తీస్తాడు. ఈలోపు మన ఆకలి చచ్చిపోతుంది. పెళ్లికి ముందు పిల్ల మంచిదని చుట్టాలంతా చెబితే, వాళ్లందరికీ చెప్పింది ఒక్క మేనత్తేనని తేల్చి, ఆ పిల్లనే నేరుగా అడిగాడట. ఆ పిల్లే, ఇప్పటి ఆయన భార్య యాదలక్ష్మి, ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది.

ఉద్యోగం అలాంటిది మరి. ఒకే మందును వేరు వేరు ఊళ్లలో డాక్టర్లు పరీక్షిస్తారు. ఒకచోట పనిచేసిందంటారు, ఇంకోచోట లేదంటారు. ఆ ఫలితాలన్నీ పోగేసి, ఎక్కువ మంది రోగులను చూసిన పరీక్షకు ఎక్కువ విలువ, కొద్దిమందిని చూసినదానికి తక్కువ విలువ ఇచ్చి, మొత్తం మీద మందు మంచిదా కాదా అని లెక్క తేల్చడం ఆయన పని. ఒకే రోగులు రెండు పరీక్షల్లోనూ దూరితే లెక్క పాడైపోతుంది కాబట్టి ముందు అదే వెతుకుతాడు. తల్లి కిష్టమ్మకు మాత్రం, కొడుకు కుర్చీలో కూర్చుని ఎవరెవరి రోగాలో కూడుతుంటాడని తెలుసు, అంతే.

సకల జనుల సమ్మెకు బస్సులు ఆగి లింగస్వామి ఇంటిపట్టున ఉన్నప్పుడు సంగతి బయటపడింది. కిష్టమ్మ బీపీ గోళీలు మానేసి మునగాకు రసం తాగుతోంది.

"కాలనీ అంత చెప్తున్నరు బిడ్డా, మునగాకుతోని బీపీ దిగుతదని. గింతమంది అబద్ధమాడుతరా?"

లింగస్వామి నిజంగా భయపడ్డాడు. గోళీలు మానేసిన మేనమామ నిరుడే పక్షవాతంతో మంచాన పడ్డాడు. ఎంత బతిమాలినా తల్లి వినకపోయేసరికి, తనకు వచ్చిన విద్య అదొక్కటే గనక ఆరా తీయడానికి బయల్దేరాడు. వినోదం చూద్దామని నేనూ వెంటపడ్డాను.

ఆ మధ్యాహ్నం చౌరస్తాలో వంటావార్పు. కాలనీ ఆడవాళ్లు రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, జై తెలంగాణ అంటూ వండుతున్నారు. కిష్టమ్మ ఉల్లిగడ్డలు కోస్తోంది. లింగస్వామి గంటె పట్టుకున్న అరుణమ్మ దగ్గర మొదలుపెట్టాడు.

"మునగాకుతోని నీకు బీపీ దిగిందా అత్తా?"

"నాకు బీపీ యాడిది? సుక్కమ్మ చెప్పింది."

పక్కనే పప్పు కలుపుతున్న సుక్కమ్మ తలెత్తింది. "నాకు ఈరమ్మ చెప్పింది. ఆమె గోళీలు గూడ బంద్ జేసింది."

"ఈరమ్మకు ఎవరు చెప్పిన్రు?"

"ఇంకెవరు, మీ అమ్మనే!"

పొయ్యిల చుట్టూ నవ్వులు. కిష్టమ్మ అన్న మాటే కాలనీ అంతా తిరిగొచ్చి కిష్టమ్మనే నమ్మించింది. నాకూ నవ్వాగలేదు. లింగస్వామి మాత్రం నవ్వలేదు.

"అమ్మా, నీకు బీపీ దిగినప్పుడు గోళీలు గూడ మింగుతున్నవా?"

"అప్పుడు నువ్వు చేతుల పెడితే మింగకుంట ఉంటనా? రసం గూడ తాగిన. గోళీల ముచ్చట ఎవ్వరికి చెప్పలె." అంటూనే కత్తి కింద పెట్టేసింది. "ఈరమ్మ ఏది?"

"తల తిరుగుతున్నదని పండుకున్నది" అంది అరుణమ్మ.

కిష్టమ్మ పరుగులాంటి నడకను మేము అందుకోలేకపోయాం. మేము వెళ్లేసరికి ఈరమ్మ తన ఇంట్లో గోడ పట్టుకుని లేవబోతోంది. "నీకు తగ్గిందంటివి గదా, నాకెందుకు తగ్గలే?" అని అడిగింది. కిష్టమ్మ వంగి ఆమె కాళ్లకు చెప్పులు తొడిగింది. లింగస్వామి ఆటో తెచ్చాడు.

మలక్‌పేట దవాఖానలో, ఇంకా ఆలస్యమైతే పక్షవాతం వచ్చేదన్నాడు డాక్టర్. ఈరమ్మ కాస్త తేరుకున్నాక ఆమె మంచం పక్కన కిష్టమ్మ కూర్చుని, ఆమె చూస్తుండగా, కొడుకు తెచ్చిచ్చిన తన బీపీ గోళీ వేసుకుని నీళ్లు తాగింది.

"చూసినవు గదా ఈరమ్మా? గిది గూడ అందరికి చెప్పు."