పామూరు అత్తకు తీసుకెళ్ళిన కాఫీపొడి

ఆ కాలంలో మా వైపు ఎవరింటికైనా వెళ్ళాలంటే చేతిలో అరటిపండ్లో, బూందీ పొట్లమో ఉంటే చాలు, మర్యాద నిలబడేది. కాఫీపొడి పట్టుకెళ్ళేవాడు మాత్రం తెగించినవాడే. పండు పుల్లగా ఉంటే తప్పు తోటది. కాఫీ బాగాలేకపోతే తప్పు తెచ్చినవాడిది, వాడిని కన్నవాళ్ళది కూడా. ఇప్పుడు మా మనవరాలు ఫోను మీద వేలు కదిపి, ఏ కొండ మీద పండిన గింజ కావాలంటే అది తెప్పించి, రంగు కాగితం చుట్టి స్నేహితురాలికి ఇస్తోంది. "బాగుంటుందో లేదోనని భయం లేదా?" అని అడిగితే, "నచ్చకపోతే వెనక్కి పంపేస్తుందిలే తాతయ్యా" అంది. వెనక్కి పంపడమా! నేను తీసుకెళ్ళిన పొడిని ఆ రోజు వెనక్కి పంపి ఉంటే, దానితోపాటు నా పెళ్ళి కూడా వెనక్కి వచ్చేది.

మా నాయనకు ఒక్కతే అక్క. పామూరులో ఉండేది. మనిషి సన్నగా, గాలికి ఎగిరిపోయేట్టు ఉన్నా, కాఫీ విషయంలో ఆమె మాటే తీర్పు. (చాటుగా మేమామెను డికాక్షన్ అత్త అనుకునేవాళ్ళం. ఆ సంగతి ఆమెకు తెలుసు.) మార్కాపురంలో మేము కొత్తిల్లు కట్టుకుని పాలు పొంగించిన రోజు, నాయన మొదటి గ్లాసు కాఫీ అక్కకే ఇప్పించాడు. ఆమె ఒక్క గుక్క తాగి, నిండు పందిట్లో, "ఇంటి ఆడబిడ్డకు చింతగింజల పొడి కాచి పోస్తావా రా? ఇంత ఇల్లు కట్టినోడివి, కాఫీపొడికి చెయ్యి రాలేదా?" అంది. నాయన నిజంగా మంచి పొడే తెప్పించాడు. అందుకే ఆయనకు ఇంకా మండింది. "ఇష్టముంటే తాగు, లేకుంటే బస్సుంది" అన్నాడు. అత్త బస్సెక్కింది. ఆ తర్వాత ఏళ్ళు గడిచినా మా గడప తొక్కలేదు.

నాకు గిద్దలూరులో గుమాస్తా ఉద్యోగం వచ్చి, సంబంధం కుదిరి, ముహూర్తం పెట్టుకున్నాక నాయన రెండు మాటలు చెప్పాడు. "అక్క రాకుంటే ఈ పెళ్ళి లేదు" అన్నది మొదటిది. "నేను మాత్రం పోయి పిలవను" అన్నది రెండోది. ఆ రెండింటి మధ్య ఇరుక్కున్నవాణ్ణి నేను. (పిల్ల నాకు బాగా నచ్చింది. ఆ మాట ఇంట్లో పైకి చెప్పుకునే రోజులు కావవి.) అమ్మ నన్ను పక్కకు పిలిచి, "నువ్వే పోయి పిలువు. మంచి కాఫీపొడి చేతిలో పెట్టు. నాయన పంపినాడని చెప్పొద్దు. పంపలేదని కూడా చెప్పొద్దు" అంది.

గిద్దలూరు బజారులో గింజలు వేయించి, అక్కడికక్కడే మరపట్టి ఇచ్చే సెట్టి దుకాణం ఒకటుండేది. ఏ పనైనా పద్ధతి ప్రకారం చేయడం నాకు అప్పటికే జబ్బు. సాయంత్రం ఆఫీసు వదలగానే అక్కడికి చేరి, గింజను వాసన చూసి, పంటి కింద కొరికి, చిటికెడు పొడి గ్లాసుడు చన్నీళ్ళ మీద చల్లి కూర్చునేవాణ్ణి. మంచి పొడి తేలుతుంది. చౌకగా కలిపే చికోరీ వేరు పొడి ఉంటే గోధుమ రంగు చారలు తీసి అడుక్కి దిగుతుంది. సెట్టి కొన్నాళ్ళు ఓర్చుకుని, "ఏంది అల్లుడా, కాఫీపొడి కొంటాండావా, పిల్లను చూస్తాండావా?" అన్నాడు.

"పిల్లను ఇంతసేపు చూళ్ళేదు మామా. చికోరీ ఒక్క పలుకు కూడా ఉండకూడదు. అత్త కనిపెట్టేస్తది."

"పిల్లనిచ్చే అత్తనా?"

"కాదు, మా నాయనకు అక్క."

"అట్లయితే ఇంకా కష్టం" అని సెట్టి నిజంగానే జాలిపడి, లోపలి సంచిలోంచి కాయకు ఒక్కటే పండే గుండ్రటి పీబెర్రీ గింజలు తీశాడు. ఆ పొడి నా గదిలో కాచుకుని తాగి చూస్తే అమృతంలా ఉంది. ఆ రాత్రి డైరీలో, "కాఫీ బాగుంది. భయం తగ్గలేదు" అని రాసుకున్నాను.

బయలుదేరే ఉదయం తాజాగా మరపట్టించి, స్టీలు డబ్బాలో పోసి బస్సెక్కాను. కనిగిరిలో ఎవరో పైన అరలో పురుగుమందు డబ్బా పెట్టారు. కాఫీపొడికి పక్కదాని వాసన ఇట్టే పట్టుకుంటుంది కదా! పామూరు దాకా నా డబ్బాను తువ్వాలలో చుట్టి గుండెలకు హత్తుకుని కూర్చుంటే, పక్కన కూర్చున్న పెద్దావిడ "పసిబిడ్డా నాయనా?" అని తొంగి చూసింది.

అత్త నన్ను కూర్చోమంది కానీ, ఎందుకొచ్చావని అడగలేదు. డబ్బా మూత తీసి వాసన చూసింది. ముఖంలో ఏ మార్పూ లేదు. "వాసనకేముందిలే, అగరొత్తికి కూడా ఉంటది" అంది. "నువ్వే కాచి తీసుకరా. మీ ఇంటి కాఫీ మీ ఇంటోళ్ళ చేత్తోనే తాగుతా." నేను వంటింట్లోకి వెళ్ళాను. పొయ్యి పక్కనే చింతపండు పెట్టి తోమిన ఇత్తడి బిందె బంగారంలా మెరుస్తోంది. మూలన గుడ్డ కప్పిన మట్టికుండ ఒకటుంది. బిందెలో నీళ్ళు ముంచి, మరగబెట్టి, ఫిల్టరులో పోశాను. డికాక్షను బొట్టు బొట్టుగా దిగుతుంటే నా ప్రాణం కూడా దానితోపాటే దిగింది.

అత్త ఒక్క గుక్క తాగి గ్లాసు కింద పెట్టింది. "అదే" అంది.

"ఏంది అత్తా?"

"అదే రుచి. ఆ పొద్దు మీ కొత్తింట్లో తాగిందే. నా నాలిక మర్చిపోదు."

"చికోరీ పలుకు లేదత్తా! నీళ్ళలో వేసి చూసినా. గింజ కొరికి చూసినా!" అని దాదాపు ఏడ్చినంత పని చేశాను. అత్త మళ్ళీ డబ్బా వాసన చూసింది. గ్లాసు వాసన చూసింది. "ఇంత మంచి పొడికి ఈ రుచేంది రా?" అంటూ విసవిసా వంటింట్లోకి నడిచింది. "నీళ్ళు యాడ ముంచినావు?"

"ఈ బిందెలో."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! అవి అంట్లు తోమే బోరు నీళ్ళు రా, ఉప్పు కషాయం! మంచినీళ్ళు ఆ కుండలో ఉండాయి. పామూరుకొచ్చి, ఏ నీళ్ళని అడగకుండా పొయ్యి ముట్టిస్తారా ఎవరన్నా?"

(గిద్దలూరులో నా గదిలో ఉన్నది ఒక్కటే బిందె. అన్నిటికీ అవే నీళ్ళు.) పెళ్ళి పోయిందనుకున్నాను. పిల్ల ముఖం కళ్ళ ముందు కదిలింది. కానీ అత్త బిందె మీద చెయ్యి వేసి అట్లాగే నిలబడిపోయింది.

"ఆ పొద్దు మీ ఇంట్లో వంటాయన యాడ నీళ్ళు పోసినాడు?"

"పెరట్లో కొత్త బోరింగువే అత్తా. నాయన వచ్చినోళ్ళందరికీ కొట్టి చూపిస్తా ఉండె గదా."

"ఇప్పుడు తాగుతాండారా అవి?"

"యాడ తాగేది? సబ్బుకు నురగ కూడా రాదు."

అత్త పీట మీద కూర్చుంది. "అయితే మీ నాయన తెచ్చిన పొడి..."

"ఒంగోలు నుంచి తెప్పించినాడత్తా. మంచిదే."

"ఆ మాట చెప్పొచ్చు గదా ఆ పెద్దమనిషి!"

"నువ్వు బస్సెక్కినావు గదా" అని నోరు జారాను. వెంటనే నాలుక కరుచుకున్నాను. అత్త నా వైపు గుచ్చి చూసింది. తర్వాత లేచి, కాఫీ అంతా పారబోసి, కుండ మీది గుడ్డ తీసింది. ఈసారి కాఫీ ఆమే కాచింది. ఇద్దరం తాగాం. ఖాళీ గ్లాసు పక్కన పెట్టి, "ముహూర్తం ఎప్పుడు రా?" అంది.

పెళ్ళికి ముందురోజే అత్త దిగింది. ఇల్లంతా ఊపిరి బిగబట్టింది. అక్కాతమ్ముళ్ళు పాత సంగతి ఎత్తనే లేదు. ఆమె నేరుగా వంటింట్లోకి వెళ్ళి, కాఫీ కలిపి తెచ్చి తమ్ముడి చేతిలో పెట్టింది. నాయన తాగి, "చక్కెర తక్కువైంది అక్కా" అన్నాడు. "నీకెప్పుడూ తీపి ఎక్కువే కావాల" అని అత్త ఆ గ్లాసు లాక్కుని, చక్కెర వేసుకురావడానికి లోపలికి పోయింది.

నాయనా, అత్తా ఇద్దరూ పోయి చాలా కాలమైంది. ఆ రోజు నేను కుండలో నీళ్ళే ముంచి ఉంటే, అత్త కాఫీని మెచ్చుకునేది. తమ్ముడి మీద కోపం మాత్రం భద్రంగా దాచుకునేది. ఈ మాటే చెప్పి మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది, నేనూ నవ్వుతాను. ఇప్పుడు ఎవరింటికి వెళ్ళినా ఏ నీళ్ళని అడిగి మరీ పొయ్యి ముట్టిస్తాను. కాఫీ ఎలా ఉన్నా అందరూ బాగుందనే అంటారు. బాగాలేదని అలిగి బస్సెక్కేంత దగ్గరివాళ్ళు నాకిక మిగల్లేదు.