పడుగు కింద దారి

బెజవాడలో కాలువ గట్టుకు దగ్గరగా ఉండేది మా నేతగాళ్ల వీధి. తెల్లవారుతూనే వీధి పొడుగునా పడుగులు పరిచేవారు. గుంజలకు నడుమెత్తున సాగదీసి కట్టిన వందల పోగులకు గంజి పట్టించి, ఎండ ముదిరేలోగా కుంచెతో దువ్వి ఆరబెట్టాలి. దువ్వడం ఆగిందా, పోగులు ఒకదానికొకటి అంటుకుపోతాయి. ఇక ఆ పడుగు మగ్గానికి పనికిరాదు. అవి యుద్ధం రోజులు, నూలు కంట్రోలులో ఉంది. పాడుచేసుకుంటే మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో చెప్పగలిగినవాడు ఊళ్లో లేడు. ఉన్నా చెప్పడు.

పిల్లలం మేం కాపలా ఉద్యోగస్థులం. దూడల్నీ మేకల్నీ పడుగు దరిదాపులకు రానివ్వకూడదు. మనుషుల సంగతి మాకెవరూ చెప్పలేదు.

ఒకనాటి పొద్దున మా నాన్న అప్పుడే గంజి పట్టించడం ముగించాడు. కాలువ వైపు సందులోంచి నలుగురు మగవాళ్లు నులకమంచం మోసుకుంటూ వచ్చారు. మంచం మీద నొప్పులు పడుతున్న అమ్మాయి. వెనకాల ఒక ముసలమ్మ. దిగువనెక్కడో పల్లె వాళ్లది, రాత్రంతా పడవలో వచ్చారట. ఎదుటి సందులోకి వెళితే ఆస్పత్రి దగ్గరే. కాని సందుకీ సందుకీ నడుమ మా పడుగు అడ్డంగా ఉంది. దానికి అటొకటి, ఇటొకటి ఇరుగుపొరుగు పడుగులు. బజారు చుట్టి వెళ్లేదాకా పిల్ల ఆగేట్టు లేదంది ముసలమ్మ. మంచం పట్టెను బిగించిన అమ్మాయి వేళ్లు తెల్లబడి ఉన్నాయి.

పెద్దలు ఆలోచన మొదలుపెట్టారు. మా వీధిలో ఆలోచించాలంటే ముందు అందరూ కూచోవాలి. పడుగును పైనుంచి దాటకూడదనీ, దాటితే ఆ నేత అచ్చిరాదనీ ఎదురింటి తాత అన్నాడు. అందరూ ఒప్పుకున్నారు. మరి కిందినుంచి దూరితే? ఈ సంగతి పూర్వీకులెవరూ ఆలోచించి పెట్టలేదు. తాత గడ్డం నిమురుకున్నాడు. నాన్న దువ్వుతూనే మంచం వైపు చూశాడు, పడుగు వైపు చూశాడు, మళ్లీ మంచం వైపు చూశాడు. మా ఇంటిల్లిపాది అన్నం ఆ పోగుల మీదే ఉంది. ఆయన్ని తప్పుపట్టలేను.

మా అక్క ఎవర్నీ అడగలేదు. పోగులు కలిసిపోకుండా అడ్డంగా దూర్చిన వెదురు బద్ద ఒకటి రెండు చేతులతో పట్టుకుని నెత్తి మీదికి ఎత్తింది.

"చూస్తారేంట్రా, తలా ఓ బద్ద పట్టండి."

వీధి పిల్లలంతా ఉరికారు. నేను పొట్టివాణ్ణి, గంప బోర్లించి దాని మీద నిలబడ్డాను. నా ధైర్యంతోపాటు అదీ కొంచెం కొంచెం కుంగసాగింది. నాన్న అనుమతి ఈ మాటల్లో వచ్చింది: "సమంగా ఎత్తండెహె. వంకర పోయిందంటే తోలు తీస్తా."

మోసేవాళ్లు మంచాన్ని భుజాల మీంచి చేతుల్లోకి దించుకుని, దాదాపు కూలబడి నడిచారు. బద్ద అందని ఎదురింటి పాప ముసలమ్మ చెయ్యి పట్టుకుంది. "వంగు అవ్వా, నెత్తికి గంజి అంటుద్ది" అంటూ దాటించింది. అమ్మాయి ముఖానికి జానెడు ఎత్తున తడి పోగులు సాగిపోయాయి. గంజి చుక్క నుదుటి మీద పడితే కళ్లు తెరిచి పైకి చూసింది. పాపం, మా చంకలు తప్ప చూడదగ్గవేమీ లేవక్కడ.

మంచం దాటిపోయింది. దించబోయాం.

"దించకండి" అన్నాడు నాన్న. తడి మీద మళ్లీ కదిపితే పోగులు అల్లుకుపోతాయి. ఇక ఆరేదాకా అంతే. ఆయన పీట ఎక్కి దువ్వడం మొదలెట్టాడు. తాత గడ్డం వదిలి తనూ ఒక బద్ద అందుకున్నాడు. దయ చూపించడం క్షణం పనే. దాన్ని ఆరబెట్టడానికే పూటంతా పట్టింది.

ఎండ చురుక్కుమంటూండగా మంచం మోసినవాళ్లలో ఒకడు, ఆ అమ్మాయి మొగుడు, ఆస్పత్రి వైపునుంచి పరుగున వచ్చాడు. పడవవాళ్లకు కబురు చెప్పడానికట. ఆడపిల్ల పుట్టిందనీ, ఇద్దరూ కులాసా అనీ చెప్పి, అప్పుడు మమ్మల్ని చూశాడు. ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉన్నాయి. అతను చేతులు జోడించాడు.

"మళ్లీ మేం వస్తామనేనా నాయనా, ఇంతసేపూ ఇట్టా పట్టుకుని నుంచున్నారు?"

నిజం చెప్పడం నాకో జబ్బు. "కాదండీ, గంజి..." అనేలోగా అక్క నా వైపు చూసింది. ఆ చూపుకి మేకలు కూడా ఆగిపోయేవి.

"అవునయ్యా, నీకోసమే" అన్నాడు నాన్న పీట మీంచి. "తల వంచి దూరు."

అతను దూరి వెళ్లాక నాన్న పోగుల మధ్య వేళ్లు పోనిచ్చి చూశాడు. విడివిడిగా జారాయి. ఇంకో చోట చూశాడు, అక్కడా అంతే. దించమన్నాడు. పడుగు దిగింది గాని మా చేతులు దిగలేదు. అమ్మలు వచ్చి ఒక్కొక్కళ్ల మోచేతులు పట్టుకుని కిందికి వంచి, ఆ పూట అన్నం కలిపి నోటికి అందించాల్సి వచ్చింది.