పదిహేడు చోట్ల ఒకే మాట

ఆరేళ్ల కాపురంలో నేను పోగొట్టుకున్నవి గాజులు నలభై రెండు, ముక్కుపుడక ఒకటి, కుడివైపు పన్ను ఒకటి. బడికి పోలేదు గానీ, చింతగింజలతో నేర్చుకున్న లెక్క నాది, తప్పు పోదు.

ఆ రోజు ప్రొద్దుటూరు బస్టాండులో జమ్మలమడుగు బస్సు కోసం కూర్చున్నాను. "ఏదో చెయ్యి చేసుకున్యాడు, అంతే గదా" అని నచ్చజెప్పి, పెద్దమనుషులు నన్ను మళ్లీ మా ఆయన దగ్గరికే పంపుతున్నారు.

పక్కన కళ్లద్దాల ఆవిడ కాగితాలు దిద్దుకుంటోంది. కోస్తా మనిషి. మొగుళ్ల చేతిలో దెబ్బలు తినే ఆడవాళ్ల గురించే పుస్తకాలు రాస్తుందట. "కాస్త వింటావా అమ్మా?" అని చదివింది. "కోపం పట్టలేక భర్త ఆమెపై చేయి చేసుకున్నాడు."

నాకు నవ్వొచ్చింది. "చేసుకునేదానికి అదేమన్నా రాగిసంగటా అక్కా? కొట్టినాడని రాయి."

ఆవిడ పగలబడి నవ్వింది. "చేయి చేసుకున్నాడు" అన్న మాట ఎక్కడెక్కడుందో ఆవిడ వెతికింది, నేను లెక్కపెట్టాను. పదిహేడు. ఒక్కొక్కటే దిద్దుతూ ఇద్దరం "కొట్టినాడు" అని పైకే అంటుంటే, ఆకువక్క అమ్మే ముసలాయన అడిగాడు: "ఎవురు ఎవుర్ని కొట్టినారమ్మా?"

ఆ నవ్వుల్లోనే జమ్మలమడుగు బస్సు కదిలింది. చూస్తూనే పోనిచ్చాను. పదహారో మాట దిద్దేసరికి మా అమ్మవాళ్ల పులివెందుల బస్సు వచ్చింది. ఎక్కి కిటికీలోంచి అరిచాను: "ఇంగొకటుందక్కా!"

"దిద్దుతాలేమ్మా!"

తర్వాత చదవడం నేర్చుకుని, ఆవిడ ఆ రోజు పేరు చెప్పిన ఆ పుస్తకం తెప్పించుకున్నాను. "కొట్టాడు" పదహారు చోట్ల ఉంది. చివరి పేజీలో మాత్రం ఆ మొగుడు ఇంకా చేయి చేసుకుంటూనే ఉన్నాడు. అక్క నాకు ఈనాటికీ బాకీ ఒకటి.